మా షిట్జూ పిల్ల జున్నుకి గ్రూమింగ్: మొదటి స్నానం నుంచి గుండు దాకా నా అనుభవం

జున్ను మా షిట్జూ కుక్కపిల్ల, పొడుగు బొచ్చు పెరిగే చిన్న జాతి. అక్టోబర్ మధ్యలో పుట్టింది, రెండు నెలలు నిండాక డిసెంబర్‌లో మా ఇంటికొచ్చింది. మేముండేది విజయవాడ పటమటలో, అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోరు. ఇన్నాళ్ళలో దాని గ్రూమింగ్, అంటే బొచ్చు, స్నానం, గోళ్ళ విషయంలో ఏమేం జరిగిందో వరసగా రాద్దామని కూర్చున్నా. ఎందుకంటే దాన్ని తెచ్చుకునే ముందు నేను ఎంత వెతికినా "రోజూ దువ్వండి, నెలకోసారి గ్రూమింగ్ చేయించండి" అన్న రెండు ముక్కలే దొరికాయి తప్ప, ఆ రోజు అసలు ఏం చేస్తారు, పిల్ల ఎంతసేపు ఏడుస్తుంది, ఎంత ఖర్చవుతుంది, గుండు చేయించాల్సొస్తే మనం చూసి తట్టుకోగలమా, ఇవేవీ ఎవరూ చెప్పలేదు.

మొదటి వ్యాక్సిన్‌కి తీసుకెళ్ళినప్పుడే డాక్టరు గారిని స్నానం ఎప్పుడు చేయించాలి అని అడిగా. టీకా వేసిన వారం దాకా వద్దు, బయట సెలూన్‌కి అయితే కోర్సు మొత్తం అయ్యి ఇంకో వారం గడిచేదాకా అసలే వద్దు, అక్కడికి పది రకాల కుక్కలొస్తాయి, పార్వో వైరస్ లాంటిది అంటుకుంటే ఇంత చిన్న పిల్ల తట్టుకోలేదు అన్నారు. అంటే ఫిబ్రవరి దాకా ఆగాలి. ఈలోపు ఏం చెయ్యాలండీ అంటే ఆవిడ ఒక మాట చెప్పారు, ఇప్పటికీ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మాట అదే. "ఇప్పుడు మీరు చెయ్యాల్సింది దువ్వడం కాదమ్మా, ఎక్కడ పట్టుకున్నా ఊరుకునేలా అలవాటు చెయ్యడం. కాళ్ళు, చెవులు, మూతి, తోక, అన్నీ రోజూ ముట్టుకోండి. రేపు గ్రూమర్ చేతిలో అది ఎంత ఏడుస్తుందన్నది ఈ రెండు నెలల్లోనే తేలిపోతుంది."

సరే అని రాత్రి భోజనాలయ్యాక అదొక పనిగా పెట్టుకున్నాం. స్టీలు పళ్ళేనికి గడ్డపెరుగు పల్చగా పూసి నేల మీద పెడితే అది నాకడంలో మునిగిపోయేది, నేను ఒక్కో కాలు చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నొక్కడం, చెవి ఎత్తి చూడడం, పెదవి పైకెత్తి పళ్ళు చూడడం. మొదట్లో వెనక కాలు ముట్టుకుంటే చాలు చటుక్కున లాగేసుకునేది. లాక్కుంటే వదిలెయ్యడం, మళ్ళీ మెల్లగా పట్టుకోవడం. తర్వాత మా ఆయన గడ్డం ట్రిమ్మర్ ఆన్ చేసి దూరంగా పెట్టాం, నాలుగు రోజులయ్యాక దగ్గరగా పెట్టాం, ఆ తర్వాత బ్లేడు లేని వెనక వైపు దాని వీపుకి ఆనించాం. ఆ గుర్రు శబ్దానికి మొదటిసారి బల్ల కిందకి దూరింది, జనవరి చివరికొచ్చేసరికి పెరుగు నాకుతూ పట్టించుకోవడమే మానేసింది. పూర్తి పనికి పది నిమిషాలు కూడా పట్టదు, కానీ పిల్లని తెచ్చుకున్న వాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఇదే.

దువ్వడానికి కొన్నవి రెండే, సన్నటి వంగిన తీగలుండే స్లిక్కర్ బ్రష్ 450 రూపాయలు, స్టీలు దువ్వెన 350. ఈ స్టీలు దువ్వెన మాత్రం తప్పకుండా కొనుక్కోండి. బ్రష్‌తో దువ్వితే పైన పట్టులా కనిపిస్తుంది గానీ చర్మం దగ్గర చిక్కు అలాగే ఉండిపోతుంది. దువ్వెన చర్మానికి తగిలేలా పెట్టి చివరిదాకా ఆగకుండా వచ్చిందంటేనే చిక్కు లేనట్టు. డాక్టరు గారి దగ్గర ఉండే అసిస్టెంట్ అబ్బాయి చేసి చూపించాడు, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, కింద నుంచి కొంచెం కొంచెం పాయలుగా కిందకి వదులుతూ దువ్వాలి. ముఖ్యంగా చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, మెడ పట్టీ కింద. చిక్కులన్నీ పుట్టేది అక్కడే.

మొదటి స్నానం సంక్రాంతి వెళ్ళాక, మధ్యాహ్నం పన్నెండింటికి. స్నానానికి ముందే మొత్తం దువ్వేయాలి, తర్వాత కాదు. నీళ్ళు పడితే చిన్న చిక్కు కూడా బిగుసుకుపోయి ముడి అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, కింద కాలు జారకుండా పాత టవలు, చెవుల్లో పైపైన దూది. మా అత్తగారు ఇంట్లో ఉన్న చిన్నపిల్లల షాంపూ పెట్టెయ్యమన్నారు గానీ మన చర్మం వేరు కుక్క చర్మం వేరు, మన షాంపూలు దాని చర్మాన్ని పొడిబార్చేస్తాయి అని డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి కుక్కల షాంపూనే మగ్గు నీళ్ళలో కలిపి పోశాను. స్నానం ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆరబెట్టడానికి మాత్రం గంట పట్టింది, ఇది ఎవరూ చెప్పరు! పైన ఆరినట్టే ఉంటుంది, వేలు లోపలికి పెట్టి చూస్తే కుదుళ్ళ దగ్గర ఇంకా తడి. టవల్‌తో రుద్దకూడదు, అద్దాలి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలిలో పెట్టి, ఒక చేత్తో దువ్వుతూ ఇంకో చేత్తో గాలి పెడుతూ, నా నడుము పడిపోయింది, అది మాత్రం నా ఒళ్ళోనే నిద్రపోయింది.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. షిట్జూకి ముక్కు మీద బొచ్చు పైకి పెరుగుతుంది, నాలుగో నెలకల్లా అది నేరుగా కళ్ళల్లోకి గుచ్చుకోవడం మొదలైంది, కళ్ళేమో బయటికి ఉబ్బి ఉంటాయి. నీరు కారి కళ్ళ కింద గోధుమ రంగు చారలు. రోజూ పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి లోపలి మూల నుంచి బయటికి తుడవడం, ఒక్కో కంటికి వేరే దూది. ఆ చోట నేను కత్తెర పెట్టలేదు, ఇప్పటికీ పెట్టను, పిల్ల ఒక్కసారి తల తిప్పిందంటే కన్నే పోతుంది.

ఫిబ్రవరిలో ఆఖరి టీకా అయ్యింది, నెలాఖరుకి మొదటి సెలూన్. పేరు రాయను. ఫోన్ చేస్తే శనివారానికి స్లాట్ ఇచ్చారు, స్నానం, కటింగ్, గోళ్ళు, చెవులు అన్నీ కలిపి 1,400. వ్యాక్సిన్ పుస్తకం తప్పకుండా తెమ్మన్నారు, వచ్చే ముందు రెండు గంటలు ఏమీ పెట్టొద్దన్నారు, ఇంతవరకు బాగానే ఉంది. తీరా వెళ్ళాక, లోపలికి రావద్దు మేడమ్, మిమ్మల్ని చూస్తే అది ఊరుకోదు, గంటన్నరలో ఫోన్ చేస్తాం అన్నారు. నిజానికి ఓనర్ ఎదురుగా ఉంటే కొన్ని కుక్కలు ఎక్కువ గింజుకుంటాయి, అది అబద్ధం కాదు. కానీ అక్కడ అద్దం కూడా లేదు, లోపల ఏం జరుగుతుందో తెలిసే దారే లేదు. గంటన్నర అయ్యింది, రెండున్నర అయ్యింది, ఫోన్ చేస్తే ఆరబెడుతున్నాం అన్నారు. దగ్గర దగ్గర నాలుగు గంటలకి ఇచ్చారు. రిబ్బన్ కట్టారు, సెంటు కొట్టారు, ముద్దుగానే ఉంది, కానీ నాలుక బయటపెట్టి ఒకటే రొప్పుతోంది. ఎలా ఆరబెట్టారని మా ఆయన గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, బోనులో పెట్టి డ్రయ్యర్ ఆన్ చేసి వదిలేశారట.

ఇంటికొచ్చి నీళ్ళు పెడితే గిన్నెడు తాగింది. రాత్రి పొట్ట నాకుతూనే ఉంటే తిప్పి చూశాను, తొడల లోపలి వైపు ట్రిమ్మర్ మిషన్ ఆనించిన చోట ఎర్రగా కందిపోయి ఉంది. మర్నాడు డాక్టరు గారు చూసి వేడెక్కిన బ్లేడు పదే పదే ఒకేచోట తిప్పితే ఇలా కాలుతుంది అని లోషన్ రాశారు, నాకకుండా మెడకి గరాటులాంటి కాలర్ వేశారు, మూడు రోజులకి తగ్గింది. డ్రయ్యర్ విషయం చెప్తే మాత్రం ఆవిడ మొహం మారిపోయింది. ఈ చప్పిడి ముక్కు జాతులకి ఊపిరి తీసుకోవడమే కష్టం, ఒంట్లో వేడి బయటికి పోవాలంటే రొప్పాలి, అలాంటిది బోనులో వేడిగాలి పెట్టి మనిషి పక్కన లేకుండా వదిలేస్తే ప్రాణం మీదకొస్తుంది అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాని ఫలితం వారం తర్వాత తెలిసింది. రెండు నెలలు పెరుగు పెట్టి అలవాటు చేసిందంతా నీళ్ళలో పోసినట్టయ్యింది, ట్రిమ్మర్ శబ్దం వింటే చాలు వణుకు. మళ్ళీ మొదటి నుంచి, స్టీలు పళ్ళెం, గడ్డపెరుగు, దూరంగా ట్రిమ్మర్. మార్చి మొత్తం దీనికే పోయింది. ఒక్క నాలుగు గంటల భయం పోగొట్టడానికి నెల పట్టిందంటే చూడండి, గ్రూమర్‌ని ధర చూసి ఎంచుకోవద్దని నేను చెప్పేది అందుకే.

ఏప్రిల్‌లో మా కింద ఫ్లోర్ వాళ్ళ లాసా కుక్కకి ఇంటికొచ్చి చేసే అబ్బాయి నంబరు దొరికింది, గుంటూరు వైపు నుంచి వస్తాడు. అపాయింట్‌మెంట్‌కి పది రోజులు ఆగాల్సొచ్చింది. ఇంటికి రావడానికి కలిపి 1,600 అన్నాడు. మొదటి ప్రశ్నే డ్రయ్యర్ గురించి అడిగా, చేత్తో పట్టుకునే చేస్తా మేడమ్, మీరు పక్కనే కూర్చోండి అన్నాడు. వచ్చాక మిషన్ తియ్యలేదు. ముందు కింద కూర్చుని దాంతో ఇరవై నిమిషాలు ఆడాడు. మా అత్తగారు నాకు చెవిలో "ఇతను పని చెయ్యడానికొచ్చాడా ఆడుకోవడానికొచ్చాడా" అన్నారు. తర్వాత పని మొదలుపెట్టినప్పుడు గమనించిందేంటంటే, రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడుని తన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకునేవాడు, వెచ్చగా అనిపిస్తే ఆపేసి ఇంకో బ్లేడు మార్చేవాడు. అంత చిన్న పని, అదే చేసి ఉంటే ఫిబ్రవరిలో మా పిల్ల కాలేది కాదు.

గోళ్ళు కూడా అతనే చూపించాడు. తెల్ల గోరులో లోపల గులాబీ రంగు నరం కనపడుతుంది, దానికి ముందే ఆపాలి. మా జున్నుకి సగం గోళ్ళు నలుపు, వాటిలో ఏమీ కనపడదు, కాబట్టి కొంచెం కొంచెం చెక్కుతూ పోవాలి, కోసిన చోట మధ్యలో చిన్న ముదురు చుక్క కనిపించగానే ఆపేయాలి. రక్తం వస్తే ఆపడానికి పౌడర్ ఉంటుంది, లేకపోతే కార్న్‌ఫ్లోర్ అద్ది గట్టిగా నొక్కినా ఆగుతుంది. ఇంకోటి, పాదాల కింద మెత్తల మధ్య పెరిగిన బొచ్చు తీసేశాడు. మా ఇంట్లో నున్నటి టైల్స్, అది పరిగెత్తి మలుపు తిరిగేటప్పుడు ఎప్పుడూ జారి పడేది, పిల్ల కదా అనుకునేవాళ్ళం. ఆ బొచ్చు తీసేసిన సాయంత్రం నుంచే జారడం ఆగిపోయింది! ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం.

మేలో ఎండలు ముదిరాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడలో అది ఒట్టి సామెత కాదు. మా అత్తగారు ఆ బొచ్చుతో పిల్ల ఉడికిపోతోంది, గుండు చేయించెయ్యమని ఒకటే గొడవ. డాక్టరు గారు వద్దన్నారు, మరీ చర్మం దాకా తీసేస్తే ఎండ నేరుగా తగులుతుంది, ఒళ్ళంతా ఒక అంగుళం ఉంచి పొట్ట కింద మాత్రం పొట్టిగా చేయించండి, బయటికి తెల్లారకముందే తీసుకెళ్ళండి అన్నారు. అలాగే చేశాం. ఈలోగా వేళ్ళ మధ్య ఒక గోమారి కనిపించింది, వెంటనే వీపు మీద వేసే చుక్కల మందు రాశారు. ఆ మందుకి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించకూడదట, మా గ్రూమింగ్ డేటేమో సరిగ్గా ఆ మర్నాడే. మళ్ళీ వారం వాయిదా వెయ్యాల్సొచ్చింది. కాబట్టి స్లాట్ తీసుకునే ముందు మందుల తేదీలు చూసుకోండి.

అసలు కష్టం జూన్ చివర మొదలైంది. ఎనిమిది నెలలు నిండాక పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది. ఈ జాతిలో ఊడిన బొచ్చు మన కుర్చీల మీద పెద్దగా పడదు, పైన బొచ్చులోనే ఇరుక్కుని చిక్కుపడుతుంది. పొద్దున దువ్వెన సాఫీగా వచ్చిన చోటే సాయంత్రానికి ఉండ. రోజుకి పదిహేను నిమిషాలు పట్టేది కాస్తా ముప్పావుగంట అయ్యింది. తొలి ఏకాదశికి తెనాలిలో మా ఆడపడుచు గారింటికి వెళ్ళాం, అక్కడ వాన. పిల్లలందరూ దాంతో పాటు తడిసి, ముద్దొచ్చి తలా ఒక టవల్ పట్టుకుని గుండ్రంగా రుద్దేశారు. ఆ రెండు రోజులు దానికి స్వర్గమే. తిరిగొచ్చాక దువ్వెన పెడితే చెవుల వెనక, రెండు చంకల్లో, ఛాతీ కింద ఎక్కడా ఒక్క అంగుళం కూడా లోపలికి దిగలేదు.

జులై 20 ఆదివారం ఆ గ్రూమర్ అబ్బాయి వచ్చాడు. చిక్కు వదలడానికి స్ప్రే కొట్టి, చిక్కు మొదలు దగ్గర చర్మం లాగకుండా వేళ్ళతో పట్టుకుని, ఒక చెవి వెనక అరగంట కష్టపడ్డాడు. జున్ను అరవలేదు, కానీ ప్రతిసారీ తల వెనక్కి తిప్పి అతని చేతిని నాకుతోంది, వద్దు వద్దు అన్నట్టు. అతను దువ్వెన కింద పెట్టేశాడు. "మేడమ్, నేను ఇంకో మూడు గంటలు లాగి ఇవన్నీ తియ్యగలను, డబ్బులు కూడా ఎక్కువొస్తాయి. కానీ ఇవాళ్టితో ఇది దువ్వెన చూస్తే పారిపోతుంది. మీరు జన్మంతా దువ్వాలి దీన్ని. తీసేద్దాం, రెండు నెలల్లో వచ్చేస్తుంది."

మా ఆయన వైపు చూశాను. ఏడుపొచ్చింది నాకు, అబద్ధమెందుకు. ఒక కాగితం మీద సంతకం కూడా అడిగాడు, చిక్కుల కింద పుండ్లు గానీ పురుగులు గానీ ముందే ఉండొచ్చు, మిషన్ పెట్టాక అవి బయటపడతాయి, దానికి ఒప్పుకుంటున్నాం అని. అందరి దగ్గరా తీసుకుంటాడట.

పెద్ద పళ్ళున్న బ్లేడు పెడితే చర్మం మడతలో ఇరుక్కుంటుందని పదో నంబర్ బ్లేడు పెట్టాడు, అది మిల్లీమీటరున్నర మాత్రమే ఉంచుతుంది. ఛాతీ దగ్గర మొదలుపెడితే ఆ చిక్కంతా ఒకే ముక్కగా, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ ఊడొచ్చింది. చేత్తో పట్టుకుంటే దళసరిగా, కొంచెం తడిగా ఉంది. మేం తెనాలి నుంచి వచ్చి వారం పైనే అయ్యింది, లోపల ఇంకా ఆరలేదు! ఎడమ చంకలో దాని కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, ముక్కిపోయిన వాసన. ఇంకో వారం ఆగి ఉంటే అది పుండయ్యేది. అది చూశాక నా ఏడుపు ఆగిపోయింది, తియ్యి బాబూ మొత్తం తియ్యి అన్నాను. మధ్యలో మూడుసార్లు ఆపి నీళ్ళు తాగించాడు. తల, తోక మాత్రం చిక్కు లేవని ఉంచాడు. రెండున్నర గంటలు, 1,600కి అదనంగా 500.

వెళ్ళేముందు ఒక జాగ్రత్త చెప్పాడు, అది చాలా ముఖ్యం. చెవుల మీద బరువు ఒక్కసారిగా పోయేసరికి కుక్కలు తల గట్టిగా విదిలిస్తాయి, అలా పదే పదే కొట్టుకుంటే చెవి రెక్కలో రక్తం చేరి ఉబ్బుతుంది, ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి, ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అని. నిజంగానే సాయంత్రం దాకా విదిలిస్తూనే ఉంది. నేను పాత మెత్తటి టీషర్ట్ చెయ్యి కోసి తలకి వదులుగా తొడిగాను, చెవులు కదలకుండా. రాత్రికి తగ్గింది.

మా అత్తగారు దాన్ని ఒళ్ళో వేసుకుని "ఏం తల్లీ, ఎవరు చేశారే నిన్నిలా" అని కళ్ళు తుడుచుకున్నారు. కొబ్బరినూనె రాద్దామన్నారు, నాకేస్తుంది, దుమ్ము అంటుకుంటుంది అని ఆపాను. అదేమో మొదట ఇల్లంతా సోఫా నుంచి సోఫాకి గెంతింది, ఒళ్ళు తేలికైన సంతోషం. రాత్రి ఏసీలో మాత్రం వణికింది, మా బాబు చిన్నప్పటి బనీను తొడిగి పడుకోబెట్టాం. చంకలో మచ్చకి డాక్టరు గారు ఇచ్చిన పౌడర్ ఐదు రోజులు వేశాం, కన్సల్టేషన్ 300, మందులు 280.

ఇది రాస్తున్నది ఆగస్టు చివర. బొచ్చు అర అంగుళం పైనే వచ్చింది, ముందుకంటే గట్టిగా, వీపు మీద ముదురు గోధుమ రంగు కొంచెం లేతగా మారింది, ఇది ఈ జాతిలో మామూలేనట. అన్నిటికన్నా నాకు సంతోషం, దువ్వెన తీస్తే ఇప్పటికీ తనే వచ్చి స్టీలు పళ్ళెం పక్కన పడుకుంటుంది. ఆ అబ్బాయి ఆ రోజు లాగకుండా ఆపెయ్యడం వల్లే ఇది మిగిలిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. బయటికెళ్ళేటప్పుడు ఒంటికి తొడిగే పట్టీ (హార్నెస్) ఇంట్లోకి రాగానే తీసేస్తున్నాం, వానలో తడిస్తే రుద్దడం లేదు, అద్ది డ్రయ్యర్ పెడుతున్నాం. ఒళ్ళంతా పొట్టిగానే ఉంచాలని, నెలన్నరకోసారి అతన్నే పిలవాలని అనుకున్నాం, అంటే షాంపూ గట్రా కలుపుకుని నెలకి పన్నెండు వందల దాకా పడుతుంది. మధ్యలో గోళ్ళు, పాదాల కింద బొచ్చు నేనే చూసుకుంటున్నా. దసరా ముందు రెండు వారాలు అతనికి అసలు ఖాళీ ఉండదట, అందుకని మేం ఇప్పుడే డేట్ చెప్పి పెట్టుకున్నాం, మీరు కూడా పండక్కి చేయించాలనుకుంటే మీ గ్రూమర్‌కి బాగా ముందే ఫోన్ చేసుకోండి.